ఫక్రుద్దీన్ మేస్త్రీ వేసిన షిఫ్టులు

మిల్లులో కంప్యూటర్ అంటే ఏమిటో ఎవరికీ తెలియకముందే, అది ఫక్రుద్దీన్ మేస్త్రీ దగ్గుకు మందు అని మాత్రం అందరికీ తెలిసిపోయింది.

ఆ దగ్గు కొత్తది కాదు. ఆదోనిలోని ఆ మిల్లులో నూలు వడికే రింగు ఫ్రేముల మధ్య ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లలో దగ్గనివాళ్లు తక్కువ. గాలిలో దూది నుసి ఎప్పుడూ ఎగురుతూనే ఉంటుంది. కనుబొమ్మల మీద, చెవుల అంచున, మీసం మీద వాలింది తెల్లగా కనపడుతుంది. లోపలికి పోయింది కనపడదు. ఆదివారం సెలవు గడిపి సోమవారం లోపల అడుగు పెడితే చాలు, రొమ్ము మీద ఎవరో మోకాలు వేసి కూర్చున్నట్టు ఫక్రుద్దీన్‌కు ఊపిరి పట్టేసేది. 1986 ఎండాకాలంలో ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "దూదికి దూరంగా ఉండే పని చూసుకోవయ్యా" అన్నాడు.

నూలు మిల్లులో దూదికి దూరంగా ఉండే పని అంటే గేటు దగ్గర వాచ్‌మన్ పని. హెడ్ మేస్త్రీగా చేసిన మనిషి నలభై నిండకుండానే కర్ర పట్టుకుని గేటు తియ్యడం, మూయడం ఎట్లా అని అతను కిందా మీదా పడుతున్న రోజుల్లోనే మిల్లుకు కంప్యూటర్ వచ్చింది.

దానికి దుమ్ము తగలకూడదన్నారు. ఆఫీసు వెనక కొత్త గది కట్టి, ఏసీ బిగించి, అద్దాల తలుపు పెట్టారు. ప్రోగ్రాములు రాసే పని హైదరాబాదు కంపెనీ ఒకటి ఒప్పుకుంది. మిల్లు తరఫున ఒక ప్రాజెక్టు మేనేజరు ఉండాలని ఆ కంపెనీ షరతు పెట్టింది. మిల్లుకు ఏం కావాలో చెప్పేది ఆ మనిషే. పని ఆలస్యమైతే అడిగేదీ, తప్పు జరిగితే మాట పడేదీ ఆ మనిషే. అకౌంట్స్ ఆయన తనకు తీరిక లేదన్నాడు. టైం ఆఫీసు ఆయన రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి వద్దన్నాడు. మిల్లులో అందరూ జీయం సారు అని పిలిచే జనరల్ మేనేజరు ఒకరోజు కిటికీలోంచి చూస్తే, ఫక్రుద్దీన్ గోడకు చెయ్యి ఆనించి దగ్గుతున్నాడు. పిలిపించాడు.

"ఇంగ్లీషు చదువుతావా?"

"పీయూసీ పాసయినాను సార్."

"చాలు. రేపటి నుంచి ఆ గదిలో కూర్చో. నీ దగ్గూ తగ్గుతుంది, నా పనీ అవుతుంది."

అంత పెద్ద మార్పుకు ఖర్చయిన మాటలు అవే.

ఆ ఆదివారం ఎమ్మిగనూరు పోయి తండ్రికి చెప్పాడు. ఉస్మాన్ సాబ్ దూదేకులవాడు. ఊరి పెళ్లిళ్లకు పరుపులు, దిండ్లు కుట్టి కొడుకును పీయూసీ దాకా చదివించాడు. 1971లో కొడుకు మిల్లులో చేరినప్పుడు, ఎట్లా తిరిగినా మనం దూదిలోకే వచ్చి పడతాం అని నవ్వాడు. ఇప్పుడు దూదేకే విల్లు పట్టే బలం లేదు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను పలకరిస్తుంటాడు.

"ఏం పనప్పా అది?"

"కంప్యూటర్ కాడ, నాయినా. దానికి సాఫ్ట్‌వేర్ అని ఉంటాది. ఆ పని సూసుకునే మేనేజరు నేను."

"మేనేజరా!" ముసలాయన కొడుకును కింది నుంచి పైదాకా చూశాడు. "ఆ గదిలో దూది ఉంటాదా?"

"ఉండదు. దుమ్ము గూడా రానీరు. సెప్పులు బయటనే ఇడ్సి పోవాల."

"మసీదు మాదిరనే. అయితే మంచి పనే పో."

ఆ పనిలో ఏం చేస్తారని ఆయన అడగలేదు. అడిగినా ఫక్రుద్దీన్‌కే అప్పటికి తెలియదు.

హైదరాబాదు కంపెనీ పంపిన ప్రోగ్రామర్ పేరు లక్ష్మప్ప. ఎవరో టై కట్టుకుని దిగుతాడని మిల్లు ఎదురుచూస్తే, ఆలూరు బస్సు దిగి సంచీ భుజానేసుకుని వచ్చాడు. సొంతూరు అదే. శెనక్కాయ రైతు కొడుకు, అనంతపురంలో ఇంజినీరింగు చదివాడు. మొదటి రోజు ఇద్దరూ ఒకరినొకరు 'సార్' అనుకున్నారు. రెండో రోజు లక్ష్మప్ప టిఫిన్ డబ్బా తెరిచి శెనగ్గింజల కారప్పొడి పంచుకున్నాక 'అన్నా', 'అప్పా' అయిపోయారు.

లక్ష్మప్ప పనల్లా అడగడం. నూలు కండె ఎక్కడ మొదలవుతుంది, ఎవరు తూస్తారు, ఎవరు సంతకం పెడతారు, తూకం తప్పితే ఏం చేస్తారు అని అడుగుతూనే ఉంటాడు. ఫక్రుద్దీన్ పని చెప్పడం, తెలియనిది తెలుసుకుని వచ్చి చెప్పడం. స్టోర్సు గుమాస్తా నోరు విప్పడు, తూకం మనిషి తన గుట్టు బయటపడుతుందని దాటేస్తాడు. అటువంటివాళ్లను టీకి పిలిచి, మాటల్లో పెట్టి, కావలసింది రాబట్టుకుని వచ్చేవాడు. ఫ్రేముల దగ్గర మనుషులను నడిపించిన పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. దగ్గు నిజంగానే తగ్గింది. పొద్దున లేచి మెట్లు దిగుతూ మధ్యలో ఆగకుండా దిగగలిగిన రోజు అతని భార్య నసీబ్‌బీ గమనించింది కానీ, దిష్టి తగులుతుందని పైకి అనలేదు. అన్నది వేరే.

"ఏమయ్యా మేనేజరూ, సొక్కా నలగడం ల్యా, మాయడం ల్యా. జీతం ఇచ్చేది కూసున్నందుకా?"

"అడిగినందుకు."

"అడిగితే జీతమిస్తారా! అట్లయితే నాకు ఎంత రావాల!"

మరుసటి ఏడు వానాకాలానికి జీయం సారు షిఫ్టుల చార్టు కంప్యూటర్లో వెయ్యాలని పట్టుబట్టాడు. మేస్త్రీలు తమకు కావలసినవాళ్లకు మంచి షిఫ్టులు వేసుకుంటున్నారని ఆయనకు పాత అనుమానం. "మనిషి వేస్తే మొహమాటం ఉంటుంది. మిషన్‌కు ఉండదు" అన్నాడు, ఫక్రుద్దీన్ మొహంలోకి చూస్తూ.

మేస్త్రీగా ఉన్నప్పుడు ఫక్రుద్దీన్‌కు షిఫ్టులు వేసే తీరు ఒకటుండేది. శనివారం మధ్యాహ్నం ఫ్రేముల మధ్య సందుల్లో ఒక చుట్టు తిరిగేవాడు. ఆ మోతలో పక్కమనిషి మాట కూడా వినపడదు. అక్కడ అందరూ పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. మనిషి కళ్లు తనవైపు తిరగగానే ఫక్రుద్దీన్ వేళ్లు ఎత్తి చూపేవాడు. ఒక వేలంటే వచ్చే వారం ఒకటో షిఫ్టు, పొద్దున ఆరు నుంచి రెండు దాకా. రెండు వేళ్లంటే రెండు నుంచి రాత్రి పది. మూడంటే రాత్రంతా. అవతలి మనిషి తలాడించేవాడు. అంతే, వచ్చే వారం ఖాయం.

రూలు ప్రకారం అందరూ వారం వారం షిఫ్టు మారాలి. అయితే మిల్లు గేటు దగ్గర రూలుకు తెలియని పని ఒకటి జరిగేది. నూలును చిలపలుగా చుట్టే రీలింగు డిపార్టుమెంటులో ఆడవాళ్లు పనిచేసేవారు. రాత్రిపూట ఆడవాళ్లను పెట్టకూడదని చట్టం కాబట్టి వాళ్లకు ఎప్పుడూ ఒకటో షిఫ్టే. చట్టప్రకారం పసిబిడ్డలకు గది కట్టించాల్సినంత మంది ఆడవాళ్లు కాకుండా మిల్లు జాగ్రత్తగా చూసుకునేది. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ మిల్లులోనే చేసేవాళ్లు బిడ్డను గేటు దగ్గర మార్చుకునేవారు. రెండు గంటల సైరనుకు పెళ్లాం బయటికి వస్తుంది. మొగుడు చంకలో బిడ్డతో ఎదురొస్తాడు. బిడ్డ ఈ చంక నుంచి ఆ చంకకు మారుతుంది. మొగుడు లోపలికి పోతాడు. మొగుడికి రాత్రి షిఫ్టు ఉన్న వారం పొద్దున ఆరింటికి, లోపలికి పోయేది ఆమె, బయటికి వచ్చేది అతను. చేతులు మారే ఆ కాసేపూ బిడ్డను పట్టుకుని గేటు బయట నిలబడటానికి వాళ్ల వీధి ముసలమ్మ ఎవరో ఒకరు ఉండేవారు. ఇదంతా సాగాలంటే ఆ మొగుళ్లకు ఒకటో షిఫ్టు పడకూడదు. ఫక్రుద్దీన్ పడనిచ్చేవాడు కాదు. వాళ్ల వంతు ఒకటో షిఫ్టును గిడ్డయ్య వంటివాళ్లకు వేసేవాడు. గిడ్డయ్యది ఆస్పరి; మధ్యాహ్నానికి పని అయిపోతే రైలెక్కి పోయి చేను చూసుకోవచ్చునని ఒకటో షిఫ్టంటే ప్రాణం. ఎవరూ అడిగింది లేదు, ఎవరూ వేయమని చెప్పింది లేదు.

చార్టు మొదలుపెట్టిన రోజు లక్ష్మప్ప అడిగాడు. "షిఫ్టులు యట్ల ఏస్తావో సెప్పన్నా."

ఫక్రుద్దీన్ రూలు చెప్పాడు.

"అంతేనా? ఎవురికన్నా యేరేగా ఏసేది ఉంటాదా?"

జీయం సారు అన్న మొహమాటం అనే మాట ఫక్రుద్దీన్ చెవిలో ఉంది. గేటు దగ్గర బిడ్డల సంగతి గుర్తు రాకపోలేదు. అయితే అది పని అని అతనికి ఎన్నడూ అనిపించలేదు. తెలిసినవాళ్లకు చేసిన చిన్న సాయం. ఏసీ గదిలో కుర్చీ వేసుకుని చెప్పుకునేంతటిది కాదు. చెబితే తన మేస్త్రీతనం నిండా పక్షపాతమే అని బయటపడుతుందేమోనని కూడా అనిపించింది.

"ల్యాదప్పా. అందరూ సమానమే" అన్నాడు.

లక్ష్మప్ప అదే రాశాడు.

మొదటి చార్టు ఒక శనివారం నోటీసు బోర్డు మీద అంటించారు. ప్రింటరు నుంచి వచ్చిన అక్షరాలను జనం చేత్తో తడిమి చూశారు. మంగళహారతి ఇవ్వడమొక్కటే తక్కువ. సోమవారం పొద్దున ఫక్రుద్దీన్ ఆఫీసు వేళకు సైకిల్ దిగేసరికి, ఫ్రేముల దగ్గర ఉండాల్సిన యేసేపు కంప్యూటర్ గది బయట నిలబడి ఉన్నాడు. పది నిమిషాలు అడిగి బయటికొచ్చాడట. యేసేపు, ఫక్రుద్దీన్ ఒకే ఏడు మిల్లులో చేరారు. ఏదైనా ఉంటే తిట్టి చెప్పే మనిషి. ఆ రోజు తిట్టలేదు.

"నన్ను ఒకటో షిఫ్టులో ఏసినావు. ముత్తమ్మ గూడా ఒకటోదే గదా. బిడ్డను తీసుకొని ఇద్దరం గేటు కాడికి వచ్చినాము. గిడ్డన్నతో మార్సుకుంటానంటే టైం ఆఫీసోల్లు ఒప్పుకోల్యా. కంప్యూటర్ ఏసింది మార్సాలంటే జీయం సారు సంతకం కావాలంట. కొత్త చార్టు సూసేదానికి ఆయన గేటు కాడనే ఉన్న్యాడు, మొదటి వారమే మార్పులా అని కసురుకున్న్యాడు. సైరన్ కొట్టినారు. ముత్తమ్మ ఎనక్కి పోయింది."

"ఎనక్కి నువ్వు పోవాల్సింది గదా!"

"నా మీద మెమో ఉండాదన్నా. బిడ్డకు తట్టు పోసినప్పుడు నాగాలు పెట్టింది. ఇంగొకటి పడితే నిలిపేస్తారు."

యేసేపు భార్య ముత్తమ్మ ఏళ్లుగా బదిలీ వర్కరు. ఎవరో ఒకరు రాని రోజే ఆమెకు పని, అయినా రోజూ గేటు దగ్గరికి రావాలి. ఈ దసరాకు రీలింగులో కొందరిని పర్మనెంటు చేస్తామని మిల్లు చెప్పింది. అప్పటిదాకా ఒక్క నాగా ఉన్నా పేరు కొట్టేస్తారు. ఆమె ఏడాదంతా ఒళ్లు కాలుతున్నా వచ్చింది. ఇప్పుడు ఫక్రుద్దీన్ చార్టు మూలంగా నాగా పడింది. ఈ వారమంతా అదే పద్ధతి.

సాయంత్రం చర్చి వెనక వీధికి పోయాడు. ముత్తమ్మ చేటలో జొన్నలు ఏరుతోంది. అప్పుడప్పుడే అడుగులు నేర్చిన బిడ్డ సువార్త జొన్నలు పిడికిట పట్టి కింద పోస్తోంది. ముత్తమ్మ లేవలేదు.

"రాప్పా మేనేజరన్నా. కుర్సీ ల్యాదు, ఏసీ ల్యాదు. కూసుంటావా?"

అతను గడప మీద కూర్చున్నాడు.

"నీ మిషనుకు బిడ్డలు ల్యారు గదా, దానికేం తెలుస్తాది" అంది ఆమె.

"మిషనుకు మనమే సెప్పల్లమ్మా. నేను సెప్పలేదు."

"ఎందుకు సెప్పలా?"

సువార్త వచ్చి అతని జేబులోని పెన్ను లాగింది. లాగనిచ్చాడు.

"మాకు తెలుసు గదన్నా నువ్వు సూస్తాండావని" అంది ముత్తమ్మ, ఈసారి మామూలు గొంతుతో. "అందుకే మేమెన్నడూ అడగల్యా. ఇట్లయితాదని తెలిసింటే నోరిడ్సి అడుగుదుము."

అది తిట్టు కాదు. అందుకే ఎక్కువ తగిలింది.

"రేపు పొద్దున బిడ్డను గేటు కాడికి తీసుకరా. ఈ వారమంతా నేను పట్టుకుపోతా."

"నువ్వా?"

"నేను కాదు, నసీబ్‌బీ సూసుకుంటాది."

నసీబ్‌బీకి ఆ సంగతి మర్నాడు పొద్దున, సైకిల్ ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టిన బిడ్డ ఇంటి ముందు దిగినప్పుడు తెలిసింది. బిడ్డ దారి పొడుగునా ఏడ్చి, ఎక్కిళ్ల మీద ఉంది.

"ఇదేం కొత్త డ్యూటీ?"

"నా తప్పుకు."

"నీ తప్పుకు నాకా శిచ్చ!" అంటూనే ఆమె చేతులు చాపింది. మగపిల్లలిద్దరూ హైస్కూలుకు ఎదిగాక ఆ ఇంట్లో అంత చిన్న ప్రాణి తిరిగింది లేదు. మధ్యాహ్నం రెండింటికి ముత్తమ్మ వచ్చేసరికి సువార్త రాగిజావ తాగి, జడలు వేయించుకుని, నసీబ్‌బీ కుట్టుమిషను కింద కత్తిరింపు గుడ్డలు పరుచుకుని నిద్రపోతోంది.

బిడ్డకు ఆ వారం చోటు దొరికింది. ముత్తమ్మ నాగా మాత్రం అట్లాగే ఉంది. చార్టు మారకపోతే మూడు వారాల తర్వాత యేసేపుకు ఒకటో షిఫ్టు మళ్లీ వస్తుంది. ఫక్రుద్దీన్ లక్ష్మప్పకు జరిగింది దాచకుండా చెప్పాడు.

"అడిగినాను గదన్నా" అన్నాడు లక్ష్మప్ప.

"అడిగినావు. నేనే ల్యాదన్న్యాను."

లక్ష్మప్ప తెల్లకాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. "ఇప్పుడు సెప్పు. ముత్తమ్మక్క ఒకతే కాదు గదా. ఇట్లాంటోల్లు ఎవురెవురు?"

ఫక్రుద్దీన్ కళ్లు మూసుకున్నాడు. ఏసీ గుయ్యిమంటోంది. యేసేపు, ఇంకా... రీలింగులో చేసే ఇంకొకామె మొగుడు, పేరు నాలుక మీద ఆడుతోంది కానీ రావడం లేదు. తల్లికి కళ్లు కనపడని కుర్రవాడు ఒకడుండాలి. ఒకే సైకిల్ మీద ఇద్దరు వచ్చేవాళ్లుండాలి, వాళ్లకు ఒకే షిఫ్టు వెయ్యాలి. ఏళ్ల తరబడి ప్రతి శనివారం చేసిన పని, ఆ చల్లటి గదిలో ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. గంటసేపు కూర్చున్నా కాగితం మీద రెండు పేర్లే పడ్డాయి. తనకు తెలుసనుకున్నది తన తలలో లేదని అర్థమైంది.

"లోపలికి పోదాం రా" అంటూ లేచాడు.

"డాక్టరు వొద్దన్న్యాడు గదన్నా."

"ముక్కుకు గుడ్డ కట్టుకుంటా పా."

రింగు డిపార్టుమెంటు తలుపు తియ్యగానే మోత గుండెల మీద పడింది. లక్ష్మప్ప చెవులు మూసుకున్నాడు. ఫక్రుద్దీన్ మొదటి సందులోకి నడిచాడు. ఆ వారం జనానికి అతని మీద కోపంగానే ఉంది. ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. మూడో ఫ్రేము దగ్గర తెగిన దారం అతికిస్తున్న మనిషి తలెత్తి చూశాడు. చూడగానే ఫక్రుద్దీన్ కుడిచేయి దానంతటదే లేచింది. మూడు వేళ్లు. ఆ మనిషి తల్లి గుడ్డిది. పగలు వండిపెట్టాలి, అందుకే అతనే రాత్రి షిఫ్టు కోరుకుంటాడు. పక్క ఫ్రేము. రెండు వేళ్లు. ఆ పక్కన రెండు. గిడ్డయ్య ఎదురొచ్చి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. ఒక వేలు లేచింది. గిడ్డయ్య పళ్లన్నీ బయటపెట్టాడు. చేతికి గుర్తున్నంత ఇంకెక్కడా గుర్తు లేదు. వెనక లక్ష్మప్ప అతని వేళ్లు చూసి రాసుకుంటూ, ఎందుకు అని సైగ చేస్తే, ఫక్రుద్దీన్ గుడ్డ కిందికి లాగి పెదవులతో చెప్పేవాడు. అర్థం కాకపోతే చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు చూపించేవాడు. కొన్ని ఫ్రేముల దగ్గర జనం నవ్వారు. ఇద్దరు కొత్తవాళ్లు, ఫక్రుద్దీన్ ఎన్నడూ షిఫ్టు వెయ్యనివాళ్లు, తామే దగ్గరికొచ్చి చెవిలో అరిచి తమ సంగతి చెప్పుకున్నారు.

బయటికి వచ్చాక అతను కుళాయి దగ్గర కూలబడి చాలాసేపు దగ్గాడు. లక్ష్మప్ప వీపు రాస్తూ, "ఇంగ సాలన్నా, ఇంగ లోపలికి పోవాకు, మిగతాది నేను అడుగుతా" అంటూనే ఉన్నాడు. ఫక్రుద్దీన్ కళ్ల నీళ్లు తుడుచుకుని, "ఎన్ని దినాల్లో మారుస్తావు?" అన్నాడు. ప్రాజెక్టు మేనేజరు అడగాల్సిన ప్రశ్న అదొకటే అని అప్పటికి అతనికి తెలుసు.

"శనివారానికి ఇస్తా. ఇంట్లో ఎవురుండారు, ఎవురుతో జత అని ఒక గడి కొత్తగా పెట్టల్ల. ఇంగ చార్టు ఎవురు తీసినా ఆ గడి సూసే షిఫ్టు ఏస్తాది."

శనివారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఉస్మాన్ సాబ్‌కు జ్వరమని కబురొచ్చి నసీబ్‌బీ మొదటి బస్సుకు పోయింది. ఫక్రుద్దీన్ సువార్తను నేరుగా కంప్యూటర్ గదికి తెచ్చాడు. చెప్పులు లేని పిల్ల కాబట్టి ఆ రూలు తప్పలేదు. లక్ష్మప్ప ప్రింటరు కాగితాల ఖాళీ అట్టపెట్టెలో తన శాలువా పరిచాడు. ప్రింటరు గరగరలకు మొదట బెదిరిన పిల్ల, తర్వాత కాగితం బయటికొచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టి, చివరికి ఆ మోతలోనే నిద్రపోయింది. మిల్లులో పుట్టిన బిడ్డ కదా అన్నాడు లక్ష్మప్ప.

కొత్త చార్టు మీద సంతకానికి జీయం సారు వచ్చేసరికి అదీ పరిస్థితి. ఆయన అట్టపెట్టెలోకి చూశాడు.

"ఏమిటిది?"

"మా ప్రోగ్రాంలో తప్పు సార్" అన్నాడు ఫక్రుద్దీన్.

ఎగతాళి అనుకుని జీయం సారు మొహం ఎర్రబడింది. కానీ ఫక్రుద్దీన్ నవ్వడం లేదు. మొదటి నుంచి చెప్పాడు. షిఫ్టులు తాను ఎట్లా వేసేవాడో, లక్ష్మప్ప అడిగితే ఏం దాచాడో, ముత్తమ్మ గేటు దగ్గర నుంచి ఎట్లా వెనక్కి పోయిందో.

"అంటే పాత పక్షపాతమంతా తెచ్చి మిషన్లో పెట్టావన్నమాట."

"అవును సార్. ఇప్పుడు కనపడేటట్టు పెట్టినాము. ఎవురికి ఎందుకు ఏసినామో మీరు సదువుకోవచ్చు. తప్పనిపిస్తే కొట్టేయండి."

జీయం సారు బిడ్డను చూసి కరిగిపోయే మనిషి కాదు. అయితే ఆ వారం మనుషులు రాక ఎన్ని ఫ్రేములు నిలబడిపోయాయో ఆయనకు రోజూ కబురు అందుతూనే ఉంది. చార్టు చేతిలోకి తీసుకుని నిలబడే చదివాడు. ఒకచోట ఆగి, "ఈ గిడ్డయ్యకు ఎప్పుడూ ఒకటో షిఫ్టేనా?" అన్నాడు.

"రైలుకు పోతాడు సార్. ఒకటోది ఇస్తే నాగా పెట్టడు."

సంతకం పడింది. ఫక్రుద్దీన్ కదలలేదు.

"ఇంకేమిటి?"

"ముత్తమ్మ సోమవారం నాగా, సార్. అది ఆమెది కాదు."

"మరి ఎవరిది? కంప్యూటర్‌కు నాగా రాయమంటావా?"

"నాకు రాయండి. చార్టు తప్పు నాది. ఆమెను గేటు కాడ నుంచి పంపించినది నేనే."

ఫక్రుద్దీన్‌ను కొత్త ఉద్యోగంలో ఖాయం చేసే కాగితం జీయం సారు బల్ల మీదే ఉందని ఇద్దరికీ తెలుసు.

"మెమో ఇస్తాను. నీ కన్ఫర్మేషన్ ఒక ఏడు వెనక్కి పోతుంది. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకు."

"రాను సార్."

"ఆ పిల్లను లేవకముందే ఇంటికి పంపు. మిషన్ మీద నీళ్లు పోసిందంటే దానికీ మెమో ఇస్తాను."

ఆయన పోయాక లక్ష్మప్ప, "అన్నా, జోక్ ఏసినాడా?" అన్నాడు.

"ఏసినట్టే ఉండాది" అన్నాడు ఫక్రుద్దీన్.

ముత్తమ్మ నాగా సోమవారంలోపే టైం ఆఫీసు పుస్తకంలో కొట్టేశారు. ఆ సంగతి చెప్పడానికి ఫక్రుద్దీన్ పోలేదు. యేసేపు ద్వారా పంపాడు. దసరాకు పర్మనెంటు అయినవాళ్లలో ఆమె పేరు ఉంది. ఆ రోజు ఆమె మిఠాయి పొట్లంతో కంప్యూటర్ గది దాకా వచ్చి, అద్దాల తలుపు ముందు నిలబడి, లోపలికి రమ్మంటే రానంది. "నా వొల్లంతా దూది" అని చీర దులుపుకుంటూ పొట్లం లక్ష్మప్ప చేతికిచ్చి పోయింది. మెమో సంగతి ఆమెకు అప్పటికి తెలుసో లేదో ఫక్రుద్దీన్ ఎన్నడూ అడగలేదు.

అదంతా తర్వాతి మాట. ఆ సోమవారం, కొత్త చార్టు మొదలైన రోజు, ఆరు గంటల సైరనుకు ఫక్రుద్దీన్ అలవాటు కొద్దీ గేటు దగ్గరికి సైకిల్ తోలుకుని పోయాడు. ముత్తమ్మ ఒట్టి చేతులతో వచ్చి, అతన్ని చూసి నవ్వి, లోపలికి పోయింది. యేసేపుకు రెండో షిఫ్టు. బిడ్డతో ఇంటి దగ్గరే ఉన్నాడు. చుట్టుకొచ్చిన తువ్వాలు సైకిల్ కడ్డీ మీద అట్లాగే ఉంది. కాసేపు నిలబడి, విప్పి భుజాన వేసుకుని, ఇంటికి తిరిగాడు.

మామకు జ్వరం దిగిందని ముందు రోజే ఎమ్మిగనూరు నుంచి తిరిగొచ్చిన నసీబ్‌బీ వాకిట్లోనే ఉంది. ముగ్గు పిండి పక్కన పెట్టి, అతని వెనక చూసింది.

"యాడ?"

"వాల్ల నాయిన కాడ ఉండాది. షిఫ్టు సరిపోయింది గదా."

"ఓ. అయితే మంచిదే."

ఆమె లోపలికి పోయి పొయ్యి దగ్గర ఏదో సర్దింది. గిన్నె దించిన చప్పుడు వినపడింది. కాసేపటికి లోపల నుంచే అడిగింది.

"యేసేపన్నకు ఆదివారం సెలవేనా?"

"సెలవే. ఎందుకు?"

"ఊరికే అడిగినాను." మళ్లీ గిన్నెల చప్పుడు. "సెలవైతే బిడ్డను తీసుకొని ఒకసారి రమ్మను. గవును ఒకటి కత్తిరించినాను. కొలత సూడాల."